బానెట్ మీద రాయి దెబ్బలా? పెయింట్‌కి ఇచ్చే ముందు ఇది చూడండి

హైవే మీద కంకర టిప్పర్ వెనకాల కాసేపు వెళ్తే చాలు, బానెట్ అంచున చిన్న చిన్న పెచ్చులు లేచిపోతాయి. షెడ్డుకి తీసుకెళ్తే ప్యానెల్ మొత్తానికి పెయింట్ వేయించమన్నారు. నేను ముందు కారు కడిగి ఆరబెట్టి, ఎండలో ఒక్కో మచ్చనీ దగ్గరగా చూశాను. గోరుతో గీస్తే తగలకపోతే అది పైపై గీత, పాలిష్‌తో పోతుంది. గోరు ఆగి లోపల తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) ఇంకా ఉన్నట్టే, టచప్, అంటే ఆ మచ్చ వరకే రంగు పెట్టడం, సరిపోతుంది. రేకు మెరుస్తుంటే మాత్రం వానాకాలం వచ్చేదాకా ఆగొద్దు, ముందు ఒక చుక్క ప్రైమర్ పెట్టాలి.

రంగు కోడ్ చాలా కార్లకి డ్రైవర్ డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో స్టిక్కర్‌పై ఉంటుంది, ఆ కోడ్ చెప్పి చిన్న టచప్ సీసా తెచ్చుకోండి. సీసాలో వచ్చే బ్రష్ లావుగా ఉంటుంది, దాని బదులు టూత్‌పిక్ కొనతో గుంటలో మాత్రమే చుక్క పెట్టండి. అరగంట గ్యాప్‌తో రెండు మూడు పల్చటి చుక్కలు, మర్నాడు పైన క్లియర్ కోట్ (రంగులేని పైపూత). దగ్గరగా చూస్తే మచ్చ తెలుస్తుంది, నాలుగడుగుల దూరం నుంచి తెలియదు, నాకది చాలు.

మచ్చ చుట్టూ పెయింట్ ఉబ్బినా, తుప్పు లోపలికి పాకినా ఇది పనిచేయదు, పైన రంగు వేస్తే కింద తుప్పు తింటూనే ఉంటుంది. అప్పుడు షెడ్డులో గీకించి ప్యానెల్‌కి పెయింట్ వేయించాల్సిందే. ప్లాస్టిక్ బంపర్‌కి తుప్పు పట్టదు కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.