గమ్యం లేని నడక: ఎలా మొదలుపెట్టాలి?

ఇంటికి తిరిగి వచ్చే వేళ చెప్పి, ఫోనును సంచి అడుగున పెట్టి బయలుదేరండి. మలుపు దగ్గర ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగితే చాలు, కాళ్లే ఏదో ఒక వైపు మొగ్గుతాయి. నేనైతే ఎక్కువగా నీడ ఉన్న వైపే తిరుగుతాను. మనసు పాత గొడవల్లోకి జారుకుంటే, మడమ నేలను తాకాక బరువు మెల్లగా బొటనవేలి దాకా పాకడాన్ని గమనించండి. ఆ కాసేపట్లోనే చుట్టూ ఉన్న చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి.

తప్పిపోతామనే భయం సహజమే. సూర్యుడో చంద్రుడో కనబడకపోతే మనిషి తనకు తెలియకుండానే గుండ్రంగా తిరుగుతాడని జర్మనీ పరిశోధకులు అడవిలోనూ ఎడారిలోనూ పరీక్షించి 2009లో తేల్చారు. అందుకే ఎండ ఏ భుజం మీద పడుతోందో చూసుకుంటూ ఉంటాను. దారి అడగడానికి మొహమాటపడకండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పని ఆపి మరీ చూపిస్తారు. మనుషుల మీద నాకు నమ్మకం కుదిరింది అలాంటి చోట్లే. చీకటి పడ్డాక మాత్రం తెలిసిన దారిలోనే నడవండి.