ఫిబ్రవరిలో వసంతాన పూసే క్లెమాటిస్ జోలికి వెళ్లకండి

మల్లెకి చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే వేసవిలో విరగబూస్తుంది. చిన్నప్పటి నుంచి చూసిందే కదా అని, ఇంగ్లండ్ వచ్చిన మొదటి ఏడాది ఫిబ్రవరిలో మా కంచె మీది పూలతీగ, మాంటానా రకం క్లెమాటిస్‌ని మోకాలెత్తున నరికేశాను. చూడ్డానికి ఎండు తాడులా ఉంది మరి! మే నెలలో పక్కింటి గోడ నిండా గులాబీరంగు పూలు, మాకేమో ఉత్త ఆకులు.

మల్లె కొత్త చిగురుకి పూస్తుంది. మాంటానా, ఆల్పైనా, అర్మాండీ లాంటి వసంతకాలపు రకాలు మాత్రం నిరుడు పెరిగిన తీగ మీదే పూస్తాయి. ఫిబ్రవరిలో కోస్తే ఆ ఏటి పూలు పోయినట్టే. ఎండినట్టున్నా ఏప్రిల్ దాకా ఆగండి, కణుపుల దగ్గర పచ్చదనం కనిపిస్తుంది.

కత్తెర వేయాల్సింది పూలు రాలగానే, అంటే మాంటానాకైతే మే ఆఖరు, జూన్. అదీ చోటు దాటి పాకితేనే. మాంటానాతో ఇదే తంటా: హిమాలయాల తీగ, 10 మీటర్లు సులువుగా ఎగబాకుతుంది, వదిలేస్తే పైకప్పు పెంకుల కిందికి దూరుతుంది. అలాగని ముదురు మొద్దు దాకా నరక్కండి, మళ్లీ చిగురించకపోవచ్చు. కోసే ముందు లోపల పక్షిగూడు ఉందేమో తొంగి చూడండి. కాపురమున్న గూటిని తెలిసి పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ నేరం.

చేతికి గ్లవ్స్ తప్పనిసరి. దీని రసం తగిలితే చర్మం మండుతుంది, దద్దుర్లు వస్తాయి. నేను ఒకసారి ఉత్త చేతులతో కోసి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఇక చెప్పక్కర్లేదు. పిల్లలు, కుక్కలు ఆకు నమలకుండా చూసుకోండి.

కొత్తగా నాటేవాళ్లు చలిగాలి తగిలే చోట అర్మాండీ పెట్టొద్దు, ఏడాదంతా ఉండే దాని ఆకు మాడిపోతుంది. అలాంటి చోటికి ఆల్పైనా నయం. తీగ ఆకుకాడలతో చుట్టుకుంటుంది కాబట్టి లావు వెదురు పట్టు దొరకదు, సన్నటి వైర్లు కట్టండి. లేత కొమ్మ పుటుక్కున విరుగుతుంది, లాగి కట్టకండి. వేసవి ఆఖర్లో పూసే రకాలను మాత్రం ఫిబ్రవరిలోనే కోయాలి. అందుకే కొన్నప్పటి లేబుల్ పారేయకుండా కంచెకే కట్టి ఉంచండి.