ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్ ఆగిపోతే మెకానిక్‌కి ఫోన్ చేసేముందు
చలికాలంలో మెకానిక్ గుమ్మం తొక్కితే చాలు బిల్లు మొదలు, అందుకే ముందు ఫిల్టర్ బయటికి లాగి చూడండి, దుమ్ము దుప్పటిలా పేరుకుంటే గాలి ఆడక లోపల వేడెక్కిపోయి ఫర్నేస్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. థర్మోస్టాట్ (ఇంట్లో వేడి ఎంతుండాలో సెట్ చేసేది) బ్యాటరీలు, కరెంటు బ్రేకర్ కూడా చూసుకోండి. ఫర్నేస్ తలుపు సరిగ్గా పడకపోయినా స్టార్ట్ అవదు, దాని వెనక సేఫ్టీ స్విచ్ ఉంటుంది. బర్నర్ వెలిగి కొన్ని సెకన్లకే ఆరిపోతోందా, చాలాసార్లు ఫ్లేమ్ సెన్సర్ (మంట వెలిగిందో లేదో కనిపెట్టే కడ్డీ) మీద పొర పట్టడమే, శుభ్రం చేస్తే సరిపోతుంది, మెకానిక్ కంట్రోల్ బోర్డే మార్చాలంటే వెంటనే సరే అనకండి. హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని ఇంట్లో గాలికి అందించే లోహపు భాగం) పగిలింది, కొత్త ఫర్నేస్ కొనాల్సిందే అంటే ఆ పగులు ఫోటో తీసి చూపించమనండి, వారంటీ కాగితం కూడా వెతకండి, ఆ పార్ట్‌కి మామూలుగా ఎక్కువ ఏళ్లే ఇస్తారు (కూలీ మాత్రం మనకే పడుద్ది). గ్యాస్ వాసనొచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఇవేం చూడొద్దు, అందరూ బయటికొచ్చేసి అక్కడ్నించే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.