షిఫ్ట్ డ్యూటీ ఇంట్లో పిల్లల చదువు

మా ఆయనది విశాఖ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. నేను ఇంటి నుంచే గాజువాకలోని పదకొండు షాపులకి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ప్రతి నెలా 11కి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20కి పన్ను లెక్క తేల్చే 3బీ. ఆ పది రోజులూ నన్ను కదిపితే కరుస్తాను. ఇలాంటి ఇంట్లో పిల్లలిద్దరినీ బడి మాన్పించి మూడేళ్లయింది. పెద్దదానికి పన్నెండు, చిన్నోడికి ఎనిమిది. ఎలా కుదురుతోందని అడిగేవాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మూడు నెలలు కుదరనే లేదు. గోడకి టైంటేబుల్ అంటించాను: తొమ్మిదికి తెలుగు, పదికి లెక్కలు. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పక్క గదిలో పడుకుని ఉంటే ఇవతల ఎక్కాలు చదివిస్తున్నాను. ఒకరోజు ఆయన లేచొచ్చి ఆ కాగితం పీకేసి, తన డ్యూటీ చార్టు అంటించారు. కోపంతో చేసిన పనే గానీ, మాకు దారి అక్కడే దొరికింది.

కాబట్టి ముందు మీ ఇంటి డ్యూటీలు కాగితం మీద పెట్టండి. చదువుని వాటి సందుల్లో సర్దండి. పొద్దుటి డ్యూటీ, అంటే 'ఏ' షిఫ్ట్ వారం, మా ఆయన మధ్యాహ్నం రెండు గంటలకి దిగుతారు, కునుకు తీసి నాలుగు నుంచి లెక్కలు, సైన్సు చెబుతారు. మధ్యాహ్నం ఎక్కే 'బీ' షిఫ్ట్ వారం అవే పాఠాలు పొద్దున టిఫిన్ అయ్యాక. నైట్ వారం చప్పుడు చేయకూడదు గనక రాతపని, బొమ్మలు, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం. చిన్నోడికి గంటన్నర, పెద్దదానికి రెండున్నర గంటలు కూర్చుని చదివితే మాకు సరిపోతోంది. బడిలో ఆరేడు గంటలు కదా అని నేనూ మొదట్లో టెన్షన్ పడ్డాను. పక్కన ఒక్కళ్లే కూర్చుంటే పాఠం ఎంత తొందరగా అయిపోతుందో చూశాక ఆ భయం పోయింది.

రిటర్నుల రోజుల్లో కొత్త పాఠం పెట్టను. పాతవి తిరగేయడమే. అప్పుడు తెలుగు మాస్టారు మా అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం వైపు, చదువు రాదు. "ఏటమ్మా, పిల్లల్ని బడి మానిపించీసి నువ్వు కంప్యూటర్ చూసుకుంటావా?" అని మొదట్లో సాధించేవారు. ఇప్పుడు ఆవిడ పొడుపుకథలు చెబుతారు, చిన్నోడు రాసుకుని తిరిగి చదివి వినిపిస్తాడు, మాట పోతే ఆవిడ పట్టుకుంటారు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అని కనురెప్పల మీద పొడుపుకథ చెప్పిన రోజు, నాన్న నిద్రపోయే గదికి అలాంటి తలుపులు కావాలన్నాడు వాడు.

పుస్తకాలకి పెద్దగా ఖర్చు పెట్టకండి. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ముందు తెలుగు పేజీ చదివిస్తే ఇంగ్లీషు పేజీ సగం దానంతట అదే అర్థమవుతుంది. పేజీల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ని దీక్షా యాప్‌తో చూస్తే వీడియో వస్తుంది. వీడియోలు మా ఇంట్లో మాత్రం అరగంట దాటవు.

అసలు లెక్కలు ఊళ్లో ఉన్నాయి. నెలకోసారి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్తాం. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఎన్ని రోజులని అడిగితే చిన్నోడు 60 అన్నాడు. ముప్ఫైలోంచి పదిహేను తీసేస్తే పదిహేనే కదా అని వాడి వాదన. వేళ్లమీద లెక్కపెట్టించాను. ఏప్రిల్‌లో 15వ తేదీతో కలిపి 16, మేలో 31, జూన్‌లో 14, మొత్తం 61. మొదటి రోజుని కూడా లెక్కలో వేసుకోవాలని వాడు అప్పట్నుంచి మర్చిపోలేదు. ఆ రెండు నెలలే ఎందుకు ఆపుతారంటే చేపలు గుడ్లు పెట్టే కాలమని సైన్సు వచ్చింది. నిషేధానికి ముందూ తర్వాతా వంజరం ధర రాసుకుని పెద్దది శాతాలు నేర్చుకుంది. అదంతా ఒక్క సంచి చేపలతో. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించాక, ఆ పేరెలా వచ్చిందో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక కాగితాలు. వీటిలో బద్ధకం పనికిరాదు. బడి మాన్పించే ముందే టీసీ తీసుకోండి, మమ్మల్ని పాత బడివాళ్లు నెలన్నర తిప్పారు. మళ్లీ చేర్చాల్సి వస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి కాదనకూడదు. బడికి వెళ్లకుండా పదో తరగతి రాయడానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ఉంది. పద్నాలుగేళ్లు నిండాలి, ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు, తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. ఒకసారి నమోదైతే అయిదేళ్లు గడువు, అన్నీ ఒకేసారి గట్టెక్కాలని లేదు. రోజూ ఏం చదివారో మూడు లైన్లు ఒక నోటుబుక్కులో రాయించండి. ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.

సాయంత్రం అయిదుకి కాలనీ గ్రౌండ్ తప్పనిసరి, వాన పడితే తప్ప. బంధువుల ప్రశ్నలకి నా దగ్గర మందు లేదు.

ఒక మాట. భార్యాభర్తలిద్దరూ ఒకే వేళకి బయటికెళ్లి, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోతే నేనైతే మొదలుపెట్టమని చెప్పను. మా అత్తయ్య ఊరెళ్లిన నెల మా ఇంట్లో చదువు సున్నా.

పెద్దదాని పదో తరగతికి ఇంకా రెండేళ్లుంది. అకౌంటెన్సీ తీసుకోమని నేను, చచ్చినా తీసుకోనని అది. ఎన్ఐఓఎస్ సబ్జెక్టుల జాబితాలో పెయింటింగ్ ఉందని కనిపెట్టిన దగ్గర్నుంచి నా మాట వినడం మానేసింది.