కరెంటు లైను లేని తోట ఇంటికి సోలార్ సొంతంగా ఎలా పెట్టుకోవాలి?

నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు తోటల్లోనూ బావుల దగ్గరి కొట్టాల్లోనూ నేను కొత్తగా బిగించిన సోలార్ సెట్లకంటే, ఎవరో బిగించగా చెడిపోయి నేను విప్పి మళ్ళీ బిగించినవే ఎక్కువ. వాటిలో ప్యానెల్ పాడైనవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన వాటిలో దాదాపు ప్రతిచోటా తప్పు ఒక్కటే: లక్ష రూపాయలు పెట్టి సామాను కొన్నవారు, బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు పోయే రెండు మీటర్ల వైరు దగ్గర పిసినారితనం చూపించారు. కాబట్టి మిగతా పనులను త్వరగా ముగించి, ఆ వైరు దగ్గర ఆగి వివరంగా చెబుతాను.

అసలు మీకు ఇది అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఉత్తర డిస్కం (మన వైపు కరెంటు పంపిణీ సంస్థ) లైను ఇంటి ముందు స్తంభం దాకా వచ్చి ఉంటే, నెట్ మీటరుతో (లైనుకు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కకట్టే మీటరు) నడిచే ఆన్‌గ్రిడ్, అంటే లైనుతో కలిసి నడిచే పద్ధతే లాభం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద గరిష్ఠంగా 78,000 రూపాయల వరకు వచ్చే సబ్సిడీ కూడా గ్రిడ్‌తో కలిసిన ఇళ్ళ పైకప్పు ప్యానెళ్లకే తప్ప, బ్యాటరీల మీద విడిగా నడిచే వాటికి వర్తించదు. అయితే బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సెట్టు కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది; లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా దాన్ని అలాగే తయారు చేస్తారు. లైను రాని చోటికి మాత్రం ఆఫ్‌గ్రిడ్, అంటే బ్యాటరీల మీద విడిగా నడిచే పద్ధతి తప్ప దారి లేదు.

మొదటి పని: కాగితం మీద లెక్క

ఒక మామిడితోట ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే రకం) ఫ్యాన్లు మూడు, పన్నెండు గంటలు తిరిగితే 1,080 వాట్ అవర్లు. 9 వాట్ల బల్బులు అయిదు, ఆరు గంటలకు 270. టీవీ నాలుగు గంటలకు 240. మిక్సీ పది నిమిషాలకు 100. ఫోన్ల చార్జింగుకు 60. మొత్తం 1,750. ఇక్కడితో ఆపేసేవారు ఒక సంగతి మరచిపోతారు: ఏ వస్తువూ నడవకపోయినా ఇన్వర్టర్ తన కోసం తాను పదిహేను వాట్ల వరకు తింటుంది. రోజంతటికీ అది 360 అవుతుంది, అంటే ఇంట్లో టీవీ కంటే ఎక్కువ. కాబట్టి లెక్క 2,100 దగ్గర నిలుస్తుంది. పాత 75 వాట్ల ఫ్యాన్లే ఉంచుకుంటే ఫ్యాన్లకే 2,700 కావాలి. ఫ్యాన్లు మార్చడానికి అయ్యే ఖర్చు, పాతవాటి కోసం పెంచవలసిన బ్యాటరీ ఖర్చు కంటే చాలా తక్కువ. బావి మోటారును ఈ సెట్టుకు తగిలించకూడదు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు మొదలయ్యే క్షణంలో లాగుతుంది.

ఎండ వేడి, దుమ్ము, చార్జింగులో పోయే నష్టం అన్నీ కలిపి ప్యానెల్ ఇచ్చేదానిలో మూడింట రెండు వంతులే చేతికొస్తుందని అనుకోండి. మన దగ్గర ఏడాది సగటున రోజుకు అయిదు గంటల నిండు ఎండ దొరుకుతుందని చెబుతారు గానీ, శ్రావణ భాద్రపదాల ముసురును తలచుకుని నాలుగే లెక్కపెట్టుకోవాలి. ఆ ప్రకారం 800 వాట్లు కావాలి. నేనైతే 540 వాట్ల ప్యానెళ్లు రెండు వేయిస్తాను. ప్యానెల్ ధర దిగివచ్చింది, లెడ్ బ్యాటరీ ధర అంతగా దిగలేదు. ఎక్కువ వేయవలసింది ప్యానెలే.

బ్యాటరీ విషయానికి వస్తే, లెడ్ ట్యూబులర్‌ను (సీసం, యాసిడ్ ఉండే రకం) సగం కంటే కిందికి వాడకూడదు కాబట్టి 12 వోల్టులవి 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) రెండు తీసుకుని 24 వోల్టులుగా కలపాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కావాలి. కొనేటప్పుడు సీ10 రేటింగు, అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే ఎన్ని ఏహెచ్ ఇస్తుందో అడగండి. సీ20 (ఇరవై గంటల లెక్క) మీద 200 అని రాసినది సీ10 లెక్కలో అంతకు తక్కువే ఇస్తుంది. లిథియం ఫాస్ఫేట్ అయితే 25.6 వోల్టుల 100 ఏహెచ్ ఒక్కటి చాలు, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు. డబ్బు ఉన్నవారు లిథియమే కొనాలి. లెడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం గుర్తుపెట్టుకున్న రైతును నేను ఇంతవరకు ఇద్దరిని చూశాను.

సామాను

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులాంటిదే ఇచ్చేది), 24 వోల్టులు, 1,500 వాట్లు. ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ ఇచ్చే శక్తి అంతటినీ రాబట్టి బ్యాటరీని చార్జి చేసేది), 40 ఆంపియర్లు, 150 వోల్టులు. 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ వైరు, ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్లు కలిపే ప్లగ్గులు), డీసీ ఎంసీబీలు (ఎక్కువ కరెంటు పోతే తామే పడిపోయే స్విచ్చులు), జీఐ (జింకు పూత ఇనుము) స్టాండు, మల్టీమీటరు.

కంట్రోలర్ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. చవకగా దొరుకుతుందని పీడబ్ల్యూఎం రకం కొనేవారు ఉన్నారు. అది ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీ దాకా కిందికి లాగేస్తుంది. 37 వోల్టుల దగ్గర 330 వాట్లు ఇవ్వగల ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి దానితో కలిపితే, మీకు వచ్చేది 120 వాట్లకు మించదు. మిగతా రెండు వందల వాట్లకు మీరు డబ్బు కట్టారు, అంతే. ఇక 100 వోల్టుల కంట్రోలర్ కొని 540 వాట్ల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటిగా, వోల్టులు కూడేలా) కలిపినవారు దాన్ని కాల్చుకుంటారు. ఒక్కొక్క ప్యానెల్ ఖాళీ వోల్టేజీ, అంటే దేనికీ కలపనప్పుడు చూపేది, దాదాపు 50. పుష్యమాసపు చలి ఉదయాన అది ఇంకా నాలుగు శాతం పెరిగి, రెండూ కలిపి వంద దాటుతుంది.

ప్యానెళ్లు నిలబెట్టడం

ఇది సులువైన పని. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెల్ దక్షిణం వైపు 18 డిగ్రీల వాలుతో ఉండాలి. రెండుంపావు మీటర్ల పొడవున్న ప్యానెల్‌ను దాని పొడవు వాలు వెంట వచ్చేలా బిగిస్తే, వెనుక అంచు ముందు అంచు కంటే 70 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో కట్టిన ఇళ్ళలో, మధ్యాహ్నం తర్వాత దాని నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. చలికాలంలో మరీ పొడవుగా సాగుతుంది. సాయంత్రం నాలుగింటికి ఒకసారి డాబా మీదికి వెళ్లి చూసి, ఆ నీడ తగలని చోట స్టాండు పెట్టండి. ప్యానెల్ మీద ఒక మూల నీడ పడినా మూడో వంతు కరెంటు పోవచ్చు. స్టాండుకు ఎర్తింగ్ చేయించండి. వైరు మొత్తాన్ని పైపులో పోనివ్వండి, కోతులు వేలాడే తీగను వదలవు. కడగడం పొద్దున్నే చేయాలి. కాలుతున్న అద్దం మీద బోరు నీళ్లు చల్లితే తెల్లటి పొర మిగిలిపోతుంది.

బ్యాటరీ వైరు: ఇక్కడ తొందరపడవద్దు

మొదట వైరు మందం ఎందుకో అర్థం చేసుకోవాలి. ఇంట్లోని 230 వోల్టుల వైరులో 1,500 వాట్లకు ఆరున్నర ఆంపియర్లు పోతాయి. అదే శక్తి 24 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే, ఇన్వర్టర్ నష్టంతో కలిపి 70 ఆంపియర్లు పోవాలి. 12 వోల్టులైతే 140. తోట ఇంటికి 12 వోల్టుల సెట్టు పెట్టకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంటి వైరింగుకు అలవాటైన ఎలక్ట్రీషియన్ అదే కళ్ళతో చూసి, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలా లావని అనుకుంటాడు.

నేను చూసిన ఒక ఇంట్లో బ్యాటరీలు వసారాలో, ఇన్వర్టర్ లోపలి గదిలో ఉన్నాయి. దూరం అయిదు మీటర్లు, వైరు 6 చదరపు మిల్లీమీటర్లది. పోను రాను పది మీటర్లు. 70 ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే రెండు వోల్టులు పోతాయి, 140 వాట్లు వేడిగా మారతాయి. మిక్సీ వేసిన ప్రతిసారీ ఇన్వర్టర్ 'బ్యాటరీ లో' అని కూత పెట్టి ఆగిపోయేది. అమ్మిన దుకాణదారు బ్యాటరీలు పోయాయని చెప్పి కొత్త జత అంటగట్టాడు. కొత్తవాటితోనూ అదే కూత. ఇన్వర్టర్‌ను బ్యాటరీల పక్కకు తెచ్చి వైరు మార్చాక, పాత బ్యాటరీలతోనే మిక్సీ తిరిగింది. మొదట కొన్నవి బాగానే ఉన్నాయని తెలిసే నాటికి కొత్తవాటి డబ్బు ఇచ్చేశారు.

కాబట్టి బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య దూరం రెండు మీటర్లకు మించకూడదు. వైరు రాగిదే కావాలి, సన్నని పోగులు కలిగి వంగేది కావాలి. 25 చదరపు మిల్లీమీటర్లు చాలునని లెక్క చెబుతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో 35 వేయాలి. మోటారుకు వాడగా మిగిలిన అల్యూమినియం సర్వీసు వైరును ఇక్కడ వాడకండి. అల్యూమినియం వేడికి వ్యాకోచించి, చల్లారి, బోల్టు కింద వదులవుతుంది, పైన తెల్లటి పొర కడుతుంది.

వైరు చివర లగ్గు (బోల్టుకు తగిలించే రంధ్రం ఉన్న లోహపు తొడుగు) బిగించడం అసలు పరీక్ష. సుత్తితో కొట్టి, కటింగ్ ప్లేయరుతో నొక్కి, పైన టేపు చుట్టిన లగ్గులను నేను బస్తాడు పీకేసి ఉంటాను. అతుకు దగ్గర పది మిల్లీ ఓములు అడ్డు ఉన్నా, 70 ఆంపియర్లకు అక్కడ 49 వాట్ల వేడి పుడుతుంది. అది సోల్డరింగ్ ఐరన్ వేడి. అంత కరెంటు లాగినంతసేపూ బొటనవేలంత చోట కాలుతూ ఉంటుంది. సీసం టెర్మినల్ మెత్తబడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, పక్కన ఎండు గడ్డి ఉంటే సంగతి వేరే చెప్పనక్కరలేదు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ (లగ్గును వైరు మీద గట్టిగా నొక్కే పనిముట్టు) ఉన్న మోటారు స్టార్టర్ల దుకాణానికి వైరు తీసుకువెళ్లి చేయించుకోండి. తెచ్చాక లగ్గును పట్టుకుని బలమంతా పెట్టి లాగండి. ఊడితే మళ్ళీ చేయించండి. సోల్డర్ పోసి అతికించడం నాకు ఒప్పుకోలు కాదు, వేడెక్కితే అది కరిగి జారుతుంది.

లగ్గు నేరుగా టెర్మినల్ సీసానికి ఆనాలి. దాని మీద వాషరు, ఆపైన స్ప్రింగు వాషరు, ఆపైన నట్టు. లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య వాషరు పెట్టినవారి ఇళ్ళలో కరెంటు అంతా ఆ ఇనుప బిళ్ళ గుండా పోయి అది నీలంగా మారడం చూశాను. బిగించిన తర్వాతే వ్యాజ్‌లైన్ పూయాలి, ముందు కాదు.

పాజిటివ్ వైరులో బ్యాటరీకి ఒక జానెడు దూరంలో 100 ఆంపియర్ల డీసీ ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్ దగ్గర పెడితే, మధ్యలో వైరు రాసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజుకు ఏమీ తెలియదు. లిథియం బ్యాటరీకైతే క్లాస్ టి ఫ్యూజే (భారీ షార్ట్ కరెంటును కూడా తెంపగల రకం) పెట్టాలి. ఇంటి మీటరు బోర్డులో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ పెట్టకూడదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకు రాదు, ఎంసీబీ తెరుచుకున్నా లోపల మంట సాగుతూనే ఉంటుంది.

పనికి దిగే ముందు ఉంగరం, వాచీ, చేతి కడియం తీసి జేబులో వేసుకోండి. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. మొదటి రోజుల్లో నా చేతిలోని స్పానరు జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. దాన్ని తీసే లోపే దాని కొన కరిగిపోయింది. 12 వోల్టులు షాకు కొట్టదు నిజమే, కానీ వేల ఆంపియర్లు విడుదల చేయగలదు.

కలిపే వరుస ఇది, దీన్ని మార్చవద్దు. ముందు రెండు బ్యాటరీల మధ్య లింకు వేసి, మల్టీమీటరుతో కొలవండి. 24 నుంచి 26 లోపు రావాలి. ఫ్యూజు తీసి ఉంచి, ఇన్వర్టర్ వైపు వైర్లు బిగించండి. తర్వాత బ్యాటరీ వైపు పాజిటివ్, చివరకు నెగటివ్. ఇప్పుడు పాజిటివ్, నెగటివ్ తారుమారు కాలేదని మరోసారి చూడండి. తారుమారైతే ఇన్వర్టర్ మరుక్షణంలోనే పోతుంది, గ్యారంటీ కూడా దానికి వర్తించదు. ఫ్యూజు నేరుగా పెడితే టప్పున పెద్ద రవ్వ లేస్తుంది, లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల. ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డరు వైర్లను ఫ్యూజు కూర్చునే చోటి రెండు చివరలకూ అయిదు సెకన్లు ఆనించి, ఆ వెంటనే ఫ్యూజు పెట్టండి. రవ్వ రాదు.

కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. అది బ్యాటరీని చూసే 12 వోల్టులా 24 వోల్టులా అని నిర్ణయించుకుంటుంది. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ ఎంసీబీ దించాలి. రెండు ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే ఆ వైర్లలో వంద వోల్టుల డీసీ ఉంటుందని గుర్తుంచుకుని, ఎండలో ఎంసీ4 ఊడదీయకండి.

నడిపించిన తర్వాత

లెడ్ బ్యాటరీలను పడకగదిలో, గ్యాసు పొయ్యి దగ్గర, రేకుల షెడ్డులో ఉంచవద్దు. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయువు సగానికి పడిపోతుంది. ఉత్తరపు గోడ పక్కన, కిటికీ ఉన్న గదిలో, చెక్కపలక మీద ఉంచండి. కంట్రోలరులో చార్జింగ్ వోల్టేజీని బ్యాటరీతో వచ్చిన కాగితంలో ఉన్నట్టే పెట్టండి.

మొదటి రోజు ఫ్యాన్లు, టీవీ, బల్బులు అన్నీ వేసి ఒక గంట నడిపి, ప్రతి లగ్గు దగ్గర వైరు తొడుగు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి నిలవకపోతే ఆపేసి ఆ లగ్గు విప్పాలి. నెల తర్వాత ఫ్యూజు తీసి నట్లన్నీ మరోసారి బిగించండి, సీసం అణిగి కొంత వదులై ఉంటుంది. ఎండలు ముదరకముందే, హోలీ నాటికి, ఏటా ఒకసారి ఇదే పని చేయాలి.