రొమ్ము ఆపరేషన్ తర్వాత బ్రా ఎలా ఎంచుకోవాలి?

పాత సైజు చెప్పి కొనకండి. మీరే కాదు, మీ తరఫున షాపుకు వెళ్లే భర్తకో కూతురికో కూడా ఆ సైజు చెప్పి పంపకండి. "ఇంతకుముందు 36 వేసుకునేదాన్ని, ఇప్పుడూ అదే చాలు, ఖాళీగా ఉన్న వైపు కాస్త దూది పెట్టుకుంటా" అనుకోవడంతోనే సగం తిప్పలు మొదలవుతాయి. దూదికి బరువుండదు కాబట్టి మధ్యాహ్నానికల్లా ఆ కప్పు మెడ వైపు పాకుతుంది. దాన్ని ఆపడానికి పిన్నీసు పెడతారు. రెండో వైపు రొమ్ము బరువుకు బ్రా మొత్తం ఒరిగిపోతుంటే ఆ పట్టీ బిగిస్తారు. సాయంత్రం విప్పేసరికి భుజం మీద వేలు దూరేంత గాడి పడి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా క్యాన్సర్ వల్ల ఒక రొమ్ము పూర్తిగా తీసేసినవారి కోసం. గడ్డ వరకే తీసినవారికీ కొలత పద్ధతి ఇదే. ఇంప్లాంట్, అంటే చర్మం లోపల కృత్రిమ రొమ్ము పెట్టించుకున్నవారు మాత్రం సర్జన్ చెప్పిన బ్రానే, చెప్పినన్నాళ్లూ వేసుకోవాలి. అందులో సొంత తెలివి వద్దు.

ఎప్పుడు కొనాలి

గాయం లోపలి నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ పైపులు ఉన్నన్నాళ్లు, సర్జన్ ఇస్తే తప్ప బ్రా జోలికి పోవద్దు. ముందు వైపు తెరుచుకునే వదులైన కాటన్ చొక్కా, జిప్పు నైటీ చాలు. పైపులు తీసి కుట్లు ఆరాక, సర్జన్ సరేనంటే, ముందు హుక్కులున్న మెత్తటి బ్రాతో మొదలుపెట్టండి. అందులో పెట్టుకోవడానికి ఫైబర్ దూది నింపిన తేలిక కృత్రిమ రొమ్ము సరిపోతుంది. నూలుతో అల్లినవి కూడా ఉంటాయి. 'నిటెడ్ నాకర్స్' అనే పేరుతో స్వచ్ఛందంగా అల్లి ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు.

బ్రాలో పెట్టుకునే బరువైన సిలికాన్ రొమ్ముకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. కరెంటు పెట్టించుకుంటున్నవారు, అంటే రేడియేషన్ తీసుకునేవారు ఇంకా ఆగాలి. నల్లబడి పొట్టు లేచిన చర్మం పూర్తిగా మానేదాకా బరువు, ఒరిపిడి రెండూ తగలకూడదు. కీమో రోజుల్లో ఒళ్లు తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది కూడా. అందుకే మొదట రెండు బ్రాలకు మించి కొనొద్దు. ఆఫర్‌లో అరడజను కొన్నవారికి మూడు నెలల తర్వాత అందులో ఒక్కటీ పట్టదు.

బ్రాలో ఏం చూడాలి

వైరు ఉండకూడదు. కప్పు రొమ్మును పూర్తిగా కప్పాలి, సగం కప్పులు పనికిరావు. భుజం పట్టీ రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. కింది పట్టీ వెడల్పుగా ఉండి, చంక కింద భాగం ఎత్తుగా ఉండాలి. వెనక కాజాలు మూడు వరసలు ఉండాలి. చర్మానికి తగిలే గుడ్డ కాటనే కావాలి. మే నెల ఎండలో నైలాన్ లేసు లోపల సిలికాన్ పెట్టుకుని చూస్తే ఈ మాట ఎందుకు చెప్పామో తెలుస్తుంది. స్పోర్ట్స్ బ్రాల్లో ఎక్కువ వాటిని తల మీంచి తొడగాలి, చెయ్యి పైకి లేవని రోజుల్లో అది శిక్ష.

అసలు చిక్కు కొలత దగ్గరే

మామూలుగా టేపును ఛాతీ చుట్టూ తిప్పి కొలుస్తారు. ఒక వైపు చదునుగా ఉన్నప్పుడు అలా కొలిస్తే అంకె తక్కువ వస్తుంది, కప్పు చిన్నది తెస్తారు, ఉన్న రొమ్ము పైనుంచీ పక్కనుంచీ పొర్లుతుంది. షాపుల్లో రోజూ జరిగే తప్పు ఇదే. పైగా "ఆపరేషనైంది కదమ్మా, అలాగే ఉంటుంది" అని సర్దిచెబుతారు. అలా ఏమీ ఉండదు, కొలత తప్పింది, అంతే.

కొలవడానికి ఇంకొకరి సాయం, నిలువుటద్దం, గుడ్డ టేపు ఉండాలి. ఇనుప టేపు వద్దు. ఉదయం కాకుండా సాయంత్రం కొలవండి. వాపు ఉంటే అప్పుడే తెలుస్తుంది. పలుచటి బనియన్ కింద, ఉన్న రొమ్మును సరిగా పట్టి ఉంచే మెత్తటి బ్రా ఏదైనా వేసుకోండి. రొమ్ము జారి ఉంటే కొలత తప్పుతుంది.

ముందు రొమ్ము కింది చుట్టుకొలత. ఉన్న వైపు మడత ఎక్కడుందో తెలుస్తుంది. తీసేసిన వైపు ఆ మడత ఉండదు కాబట్టి టేపు తెలియకుండానే పైకి జరిగి ఏటవాలుగా పోతుంది. దీనికి తేలిక ఉపాయం బొట్టుబిళ్ల. ఉన్న రొమ్ము మడతకు సమానమైన ఎత్తులో రెండో వైపున ఒకటి, వీపు మధ్యలో ఒకటి బనియన్ మీద అంటించండి. చర్మం మీద, ముఖ్యంగా కరెంటు పెట్టిన చోట, జిగురు తగలనీయొద్దు. టేపు ఆ బిళ్లల మీదుగా పోవాలి. ఊపిరి వదిలాక, టేపు ఒంటికి ఆనుతూ, నొక్కకుండా చదవండి.

తర్వాత సగం కొలత. టేపు మొదలును రొమ్ముల మధ్య ఎముక మీద, సరిగ్గా నడుమన ఆనించండి. అక్కడి నుంచి ఉన్న రొమ్ము మీద బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా, చంక కిందుగా, వెనక వెన్నెముక దాకా తీసుకెళ్లండి. వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

వినడానికి ఇంతే. కానీ ఇక్కడ అర అంగుళం తేడా వస్తే రెట్టింపులో అది ఒక అంగుళం అవుతుంది. ఒక అంగుళమంటే ఒక కప్పు! బి రావాల్సింది సి అవుతుంది, లేదా ఏ అవుతుంది. అందుకే మూడు సార్లు కొలవండి. రెండుసార్లు ఒకే అంకె రాకపోతే టేపు ఎక్కడో జారుతోంది. ఎక్కువగా వీపు వైపే జారుతుంది. వెన్నెముక గుబ్బలు వేలితో తడిమి చూసి, దాని మీదే టేపు ఆపాలి. బనియన్ కుట్టునో జడనో చూసి నడుమ ఇదేలే అనుకుంటే పొరపాటు. ఆపరేషనైన భుజాన్ని చాలామంది తెలియకుండా ముందుకు ముడుచుకుని నిలబడతారు, దాంతోనూ అంకె మారుతుంది. రెండు చేతులూ వదులుగా వేలాడేసి, చెవులు భుజాలకు సరిగ్గా పైన ఉండేలా నిటారుగా నిలబడాలి. చంక కింద వాపుంటే దాన్ని టేపుతో అదిమి కొలవొద్దు.

లెక్క ఇలా. కింది చుట్టుకొలత 30 అంగుళాలు అనుకుందాం. మన దగ్గర ఎక్కువ కంపెనీల సైజులు దీనికి నాలుగు కలిపితే వస్తాయి, అంటే 34. బేసి సంఖ్య వస్తే అయిదు కలపండి, 31 అయితే 36. సగం కొలత 18 వచ్చిందనుకుంటే రెట్టింపు 36. అందులోంచి 34 తీస్తే 2. ఒకటైతే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. కాబట్టి మీది 34బి. కొన్ని కంపెనీలు ఏమీ కలపకుండా కింది కొలతనే సైజుగా వేస్తాయి. వాటి 34 వేరు, వీటి 34 వేరు. డబ్బా మీది పట్టిక చూడకుండా డబ్బు కట్టొద్దు.

ముందు బ్రా, తర్వాతే సిలికాన్

ఉన్న రొమ్మును బట్టి బ్రా కొనాలి. ఆ బ్రా కప్పును బట్టి సిలికాన్ కొనాలి. ఈ వరస తలకిందులు చేసి, ముందు ఖరీదైన సిలికాన్ కొని తర్వాత దానికి బ్రా వెతికేవాళ్లు రెండుసార్లు ఖర్చుపెడతారు.

సిలికాన్ రొమ్ము చిన్నదైతే రెండు మూడు వందల గ్రాములు, పెద్దదైతే కిలో దాకా ఉంటుంది. బరువు ఉన్న రొమ్ముకు దగ్గరగా ఉంటే బ్రా పైకి పాకదు, ఒక పక్కకు ఒరగదు. మెడనొప్పి ఉన్నవారు, పెద్ద సైజువారు తేలిక రకం అడగాలి. ఆకారాల్లో మూడు మూలలవి ఏ వైపుకైనా పనికొస్తాయి. చంక వైపు తోకలా సాగినవి కుడికి వేరు, ఎడమకు వేరు. చంక దాకా కండ తీసినవారికి ఇవే నప్పుతాయి. బార్బీ బొమ్మను తయారుచేసిన రూత్ హ్యాండ్లర్‌కు 1970లో ఒక రొమ్ము తీసేశారు. అప్పట్లో దొరికేవి నచ్చక, కుడి ఎడమలకు వేర్వేరుగా 'నియర్లీ మీ' పేరుతో ఆవిడే తయారుచేయించి అమ్మింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన షాపుల్లో "ఏ వైపు?" అని అడక్కుండా చేతిలో పెట్టేవాళ్లున్నారు.

సిలికాన్ బ్రా కప్పు లోపలి జేబులోనే ఉండాలి. జేబున్న బ్రా మీ ఊళ్లో దొరక్కపోతే దర్జీ చేత కుట్టించుకోవచ్చు, నిజానికి మేలు కూడా. పాత మెత్తటి నూలు చీర ముక్కను కప్పు కంటే చుట్టూ అర అంగుళం పెద్దగా, జాకెట్టు క్రాస్ కటింగ్‌లా ఏటవాలుగా కత్తిరించాలి. అప్పుడే సాగుతుంది. చంక వైపు నాలుగు వేళ్లు పట్టేంత నోరు వదిలి మిగతాదంతా కుట్టేయాలి. కుట్టు అంచులు సిలికాన్ వైపు ఉండాలి, మచ్చ వైపు కాదు. గుడ్డను బిగలాగి కుడితే సిలికాన్ బల్లపరుపుగా అణిగిపోతుంది.

వేసుకుని చూడటం

సిలికాన్ జేబులో పెట్టి, కాస్త ముందుకు వంగి తొడుక్కుని, హుక్కు పెట్టాక నిలబడండి. కొత్త బ్రా చివరి కాజాకు పట్టాలని అందరూ చెబుతారు. ఆపరేషన్ అయినవారికి అది పొరపాటు, మధ్య కాజాకు పట్టాలి. వాపు వచ్చిన రోజు వదులు చేసుకోవడానికి ఒక వరస మిగలాలి.

కింది పట్టీలో రెండు వేళ్లు, భుజం పట్టీలో ఒక వేలు దూరాలి. అద్దంలో రెండు మొనలూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. లేకపోతే పట్టీలను విడివిడిగా సర్దాలి. వంగి నేల మీది వస్తువు తీసినట్టు చేయండి. సిలికాన్ ఒంటిని వదిలి వేలాడితే కప్పు వదులు. చేయి లేచినంత వరకు లేపండి. కింది పట్టీ పైకి పాకితే సైజు పెద్దది. బరువు మోయాల్సింది కింది పట్టీ, భుజం పట్టీ కాదు. ఏది జారినా భుజం బిగించే అలవాటు మానుకోండి. చంకలో లింఫు గ్రంథులు తీసిన వైపు గట్టిగా నొక్కే పట్టీ, ఒంట్లోని లింఫు అనే నీరు పోయే దారికి అడ్డం, చేతి వాపుకు అదొక సాకవుతుంది.

అలాగే ఇరవై నిమిషాలు షాపులోనే తిరగండి. విప్పాక పడిన గీతలు అరగంటలో పోకపోతే ఆ బ్రా వద్దు. ఆపరేషన్ వైపు ఎర్రబడటం, వేడి, జ్వరం, చర్మం కింద నీళ్ల తిత్తిలా ఉబ్బడం, చెయ్యి బరువెక్కి ఉంగరం బిగుసుకోవడం కనిపిస్తే బ్రా మార్చుతూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

సిలికాన్‌ను రోజూ తేలిక సబ్బుతో చేత్తో కడిగి, తుడిచి, దాని డబ్బాలోనే పెట్టాలి. దాని దగ్గరికి పిన్నీసు రానీయొద్దు. ఒక్క పోటు చాలు, జెల్ కారుతుంది.

చివరగా జాకెట్టు. పాత జాకెట్టు ఆది ఇచ్చి కుట్టించొద్దు. బ్రా, సిలికాన్ రెండూ వేసుకునే కొలతలివ్వండి. ముందు హుక్కులే పెట్టించండి. మెడ దించడం మాట దర్జీకి కాదు, బ్రా అంచుకు వదిలేయండి. ఆపరేషనైన వైపు చేతి చుట్టుకొలత రెండో దానికంటే అర అంగుళం వదులుగా పెట్టమని విడిగా చెప్పి, కాగితం మీద రాయించండి.