పొట్ట బెల్టు కట్టుకుని వ్యాయామం: ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు

పొట్ట తగ్గడం కోసమే అయితే వెయిస్ట్ ట్రైనర్ కట్టుకుని వ్యాయామం చేయడం దండగ. కట్టుకుంటే చెమట ఎక్కువ పడుతుంది, విప్పిన కాసేపటి వరకు నడుము సన్నగా కనిపిస్తుంది. రెండూ నిజమే, కొవ్వుకు మాత్రం రెండింటితోనూ సంబంధం లేదు. అలాగని బెల్టులన్నిటినీ ఒకే గాటన కట్టేయడం కూడా తప్పే. "నడుము బెల్టు" అన్న ఒక్క పేరు మీద నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఒకదాని పని ఇంకోటి చేయదు.

మీ దగ్గరున్నది ఏది?

లోపలి వైపు రబ్బరు, ముందు రెండు మూడు వరుసల హుక్కులు, గుడ్డలో నిలువునా కుట్టేసిన స్టీలు లేదా ప్లాస్టిక్ బద్దలు ఉంటే అది వెయిస్ట్ ట్రైనర్. ఒకప్పటి యూరప్ ఆడవాళ్ళ కార్సెట్ తరహాదే. కింది పక్కటెముకల నుంచి తుంటి దాకా నొక్కి పట్టి ఉంచుతుంది. బద్దలేమీ లేకుండా మందపాటి స్పాంజిలాంటి నియోప్రీన్ ముక్కకు వెల్‌క్రో అంటించి ఉంటే అది స్వెట్ బెల్టు. నొక్కుడు తక్కువ, ఉక్క ఎక్కువ. పది సెంటీమీటర్ల వెడల్పు, 10 లేదా 13 మిల్లీమీటర్ల మందం ఉన్న తోలు బెల్టుకు బకుల్ గానీ నొక్కి బిగించే మీట (లివర్) గానీ ఉంటే అది బరువులెత్తేవాళ్ళది. మందుల షాపులో దొరికే సాగే గుడ్డ బెల్టులు నాలుగో రకం: నడుము నొప్పికి నడుం కింది భాగాన్ని పట్టి ఉంచే ఎల్ఎస్ బెల్టు, కాన్పు తర్వాత వాడే పొట్ట బెల్టు. వీటిని డాక్టరు చెబితే, చెప్పినన్ని రోజులే వాడాలి. వ్యాయామానికి ఉద్దేశించినవి కావు.

తూకం యంత్రంతో తేల్చుకోండి

బెల్టు పనిచేస్తోందని నమ్మించేది తూకమే కాబట్టి పరీక్ష కూడా దానితోనే పెట్టండి. మూత్రానికి వెళ్ళొచ్చి, ఒంటి మీద వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకుని రాసుకోండి. బెల్టు కట్టుకుని 45 నిమిషాలు వేగంగా నడవండి, మధ్యలో ఏమీ తాగొద్దు. (ఈ పరీక్ష ఉదయం చల్లగా ఉన్నప్పుడే, ఒక్కసారే. ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి.) తిరిగొచ్చాక తడి బట్టలు విప్పేసి, తువ్వాలుతో ఒళ్ళంతా తుడుచుకుని మళ్ళీ తూగండి.

72.4 కిలోలు ఉన్న మనిషి 71.6 అయ్యాడనుకోండి. 800 గ్రాములు పోయాయి. ఇందులో కొవ్వు ఎంత? 70 కిలోల పైచిలుకు మనిషి 45 నిమిషాలు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 220, 240 కేలరీల దగ్గర. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. ఆ నడకకు అయిన ఖర్చంతా కొవ్వు నుంచే వచ్చిందని ఉదారంగా లెక్కేసినా 30 గ్రాముల దగ్గరే ఆగుతుంది. మిగతా 770 గ్రాములూ దాదాపు నీరే. మూడు గ్లాసుల నీళ్ళు తాగగానే అంకె మళ్ళీ 72.4 దగ్గరికి వచ్చేస్తుంది. ఆ 30 గ్రాములు కూడా నడకవే. బెల్టు లేకుండా నడిచినా పోయేవి.

టేపు కూడా ఇలాగే మోసం చేస్తుంది. గంటసేపు నొక్కి పెడితే చర్మం కింది మెత్తటి భాగం, అందులోని నీరు పక్కకి జరుగుతాయి, విప్పగానే కొలిస్తే రెండు సెంటీమీటర్లు తగ్గినట్టుంటుంది. విప్పగానే కాకుండా మర్నాడు పొద్దున్నే పరగడుపున కొలవండి.

"పొట్ట దగ్గర వేడెక్కితే అక్కడి కొవ్వు కరుగుతుంది" అన్న మాట జిమ్ముల్లో ఇంకా చెలామణీలో ఉంది. కొవ్వు నెయ్యిలాగా వేడికి కరిగి చర్మంలోంచి కారిపోదు. ఒంటికి శక్తి అవసరమైనప్పుడు హార్మోన్ల ఆదేశంతో కొవ్వు కణాల్లోంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వెళ్తాయి, కండరాల్లో ఖర్చవుతాయి. అవి ఒంట్లో ఏ మూల నుంచి ముందు వెళ్ళాలన్నది మన చేతిలో లేదు. చెమట గ్రంథుల పని ఒంటిని చల్లబరచడం వరకే.

ఊపిరి దగ్గర పడే దెబ్బ

అసలు నష్టం ఇక్కడుంది. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) కిందికి దిగుతుంది, పొట్ట కాస్త ముందుకొస్తుంది, కింది పక్కటెముకలు పక్కలకి విచ్చుకుంటాయి. వెయిస్ట్ ట్రైనర్ బిగుసుకునేది సరిగ్గా ఆ చోటే. డయాఫ్రమ్‌కు దిగే జాగా లేక ఊపిరి ఛాతీ పైభాగానికి పరిమితమవుతుంది. అద్దం ముందు నిలబడి చూస్తే పీల్చిన ప్రతిసారీ భుజాలు లేస్తుంటాయి. అదే వేగానికి ఆయాసం ముందే వస్తుంది, దాంతో నడక తగ్గుతుంది, ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. ఏ పని కోసం కట్టుకున్నారో దానికే అడ్డం.

దీన్ని చూసుకోవడం తేలిక. బెల్టు లేకుండా మూడంతస్తుల మెట్లు మామూలు వేగంతో ఎక్కి, పైన ఆగగానే ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు పైకి లెక్కపెట్టగలరో చూడండి. పది నిమిషాలు కూర్చుని, బెల్టు కట్టుకుని మళ్ళీ ఎక్కండి. లెక్క స్పష్టంగా తగ్గిందంటే ఆ బిగువులో వ్యాయామం చేయకూడదు.

ఇక ఉక్క. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. రబ్బరు కింద ఆవిరవడానికి దారి లేదు, అందుకే ఇంకా ఇంకా పడుతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. విశాఖ, విజయవాడ వైపు గాలిలో తేమకు మామూలు చొక్కా మీదే చెమట ఆరదు. అలాంటి చోట ఏప్రిల్, మే నెలల్లో నియోప్రీన్ చుట్టుకుని పరుగెత్తడం వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే. తలనొప్పి, వికారం, కళ్ళు బైర్లు కమ్మడం, చెమట పడుతున్నా ఒళ్ళు చల్లగా జిగటగా అనిపించడం, వీటిలో ఏ ఒక్కటి మొదలైనా అక్కడికక్కడే బెల్టు విప్పి, నీడలో కూర్చుని, ఓఆర్ఎస్ కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలోనూ తడిగుడ్డలతో ఒళ్ళు చల్లబరుస్తూనే ఉండాలి, ఆ స్థితిలో నోట్లో ఏమీ పోయకూడదు.

ఇంకా ఏమవుతుందంటే: పొట్ట మీద ఒత్తిడికి ఆమ్లం పైకి తన్ని గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు వస్తాయి. గ్యాస్ ట్రబుల్ ఉన్నవాళ్ళకు మొదటి రోజే తెలిసిపోతుంది. నొక్కిన ఒత్తిడి కిందికీ వెళ్తుంది కాబట్టి కాన్పులైన ఆడవాళ్ళకు గెంతినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడే సమస్య పెరగవచ్చు. బెల్టు కింది అంచు తుంటి ముందు ఎముక దగ్గర నరాన్ని నొక్కితే తొడ బయటి వైపు తిమ్మిరి, మంట వస్తాయి. దాన్ని మెరాల్జియా పారెస్తెటికా అంటారు. చాలామంది నడుము డిస్కు అనుకుని కంగారు పడతారు. బిగువు తీసేస్తే ఎక్కువగా అదే తగ్గుతుంది. చర్మం సంగతి చెప్పనక్కర్లేదు, చెమటకాయలు, తామర రెండూ రావచ్చు. రబ్బరు పడని వాళ్ళకు దద్దుర్లు వస్తాయి.

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, పొట్ట ఆపరేషన్ అయిన వాళ్ళు దీని జోలికి పోవద్దు.

బరువులెత్తే బెల్టు సంగతి వేరు

తోలు బెల్టు పొట్టను లోపలికి నొక్కడానికి కాదు. పొట్ట దాని మీదకి తన్నడానికి ఒక గోడ కావాలి, ఆ గోడ ఇది. లోపలి ఒత్తిడి పెరిగి వెన్నెముక నిటారుగా నిలబడుతుంది. స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), నేల మీది బరువును పట్టుకుని నిలబడే డెడ్‌లిఫ్ట్‌లో మీరు ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో సుమారు 80 శాతం దాటినప్పుడు ఉపయోగం. వంద కిలోల స్క్వాట్ చేసేవాళ్ళకు 80 నుంచి అన్నమాట. దానికి ముందు వార్మప్ సెట్లన్నీ బెల్టు లేకుండానే చేయాలి. చేతుల కండలకు డంబెల్ ఎత్తుతూ కూడా బెల్టు బిగించుకునేవాళ్ళు ప్రతి జిమ్ములోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. ఫొటోకి బాగుంటుంది, అంతే.

కట్టుకునే పద్ధతి ఇది. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఉండాలి, సాధారణంగా బొడ్డు మీదుగా వస్తుంది. డెడ్‌లిఫ్ట్‌కు వంగినప్పుడు తుంటి ఎముకకు గుచ్చుకుంటుంటే ఒక వేలెడు పైకి జరపండి. మామూలుగా ఊపిరి వదిలి బకుల్ పెట్టుకోండి, ఒక వేలు కష్టంగా దూరేంత సందు ఉండాలి. వేలే దూరకపోతే పొట్ట తన్నడానికి చోటుండదు, బెల్టు ఉన్నా లేనట్టే. ఇప్పుడు ముక్కుతో పొట్ట నిండా పీల్చి, ముందుకే కాకుండా పక్కలకి, వీపు వైపుకి కూడా బెల్టుని తన్నండి. బిగబట్టి ఒక్క రెప్ (ఒక్కసారి ఎత్తడం) చేసి, బరువు పైకొచ్చాక వదలండి. సెట్ అయిపోగానే బకుల్ తీసేయండి. ఇలా బిగబట్టడం బీపీని ఒక్కసారిగా పెంచుతుంది, అందుకే రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా చేయకూడదు. కొనేటప్పుడు వీపు దగ్గర వెడల్పుగా, ముందు సన్నగా ఉన్నది వద్దు. చుట్టూ ఒకే వెడల్పు ఉన్నదైతేనే పొట్టకు ఆనుడు దొరుకుతుంది. కొత్తవాళ్ళకు 10 మిల్లీమీటర్లు చాలు, 13 ఒంటికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది.

బాలింతలకు

మన ఇళ్ళల్లో బాలింతకు పాత నూలు చీరతో నడికట్టు కట్టడం ఉన్నదే. సిజేరియన్ తర్వాత లేచి కూర్చునేటప్పుడు, దగ్గేటప్పుడు కుట్ల దగ్గర ఆసరాగా ఉంటుందని డాక్టర్లు కూడా కొందరికి పొట్ట బెల్టు చెబుతారు. నొప్పి తగ్గడానికి అది పనికొస్తుంది. పొట్ట లోపలికి పోవడానికి కాదు, గర్భసంచి ఆరు వారాల్లో తనంతట తనే మామూలు సైజుకు వస్తుంది. అందుకని ఆ స్థానంలో హుక్కుల వెయిస్ట్ ట్రైనర్ బిగించడం తప్పు.

ఆరు వారాల పరీక్షలో డాక్టరు సరేనన్నాక పొట్ట కండరాల మధ్య ఎడం చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, బొడ్డు మీద వేళ్ళు అడ్డంగా పెట్టి, తల మాత్రమే కొద్దిగా ఎత్తండి. రెండు వేళ్ళ కంటే ఎక్కువ గుంట తగిలితే, లేదా మధ్యలో గట్టులా పైకి ఉబికితే సిటప్స్, క్రంచెస్ మొదలుపెట్టకుండా ఫిజియోథెరపిస్టును కలవండి.

బెల్టు చేస్తుందనుకున్న పనికి

నడుము చుట్టూ సహజంగా ఒక బెల్టు ఉంది, ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్ అనే లోపలి కండరం. దానికి పని చెప్పడానికి డెడ్ బగ్ మంచిది. వెల్లకిలా పడుకుని చేతులు పైకప్పు వైపు, మోకాళ్ళు తుంటి మీదుగా 90 డిగ్రీల్లో ఉంచండి. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ కుడి చెయ్యి తల వెనక్కి, ఎడమ కాలు ముందుకి చాపండి, తిరిగి రండి, వైపు మార్చండి. ఒక్కో వైపు ఆరు, మూడు సెట్లు. నడుము కింద అరచెయ్యి దూరేంత సందు వచ్చిందంటే కాలు మరీ దూరం పోయింది. అప్పుడు చాపకుండా మడమ మాత్రం నేలకి తాకించి రండి. దానికి సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒంటిని ఎత్తి నిలపడం), మోకాళ్ళ మీద నుంచి 15 సెకన్ల చొప్పున మూడేసి సార్లు, బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఒక చెయ్యి, దానికి ఎదుటి వైపు కాలు చాపడం) 8 సెకన్లు నిలిపి ఒక్కో వైపు ఆరు చేర్చండి. ఈ రెండూ కెనడా వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించే మూడు వ్యాయామాల్లోవి. వారానికి నాలుగు రోజులు, పావుగంట. ఇవి నడుముకు పట్టు ఇస్తాయి. కొవ్వు మాత్రం తిండి దగ్గరే తగ్గాలి: ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు, అంటే పైన చెప్పిన నడకలో సగం.

కొలత వారానికి ఒక్కసారి చాలు. పొద్దున్నే, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు చర్మాన్ని తాకేలా, నొక్కకుండా. దక్షిణాసియా వాళ్ళకు ఆడవాళ్ళలో 80, మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని లెక్క.

ఇప్పటికే కొనేసి ఉంటే

నెమ్మది నడకకు మాత్రం, లోపల నూలు బనియను వేసుకుని, రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులుగా, 30 నిమిషాలకు మించకుండా వాడినా పెద్ద నష్టం లేదు, లాభమూ లేదు. పరుగు, జంపింగ్, యోగా, బరువులు, నిద్ర, వీటిలో వద్దు. విప్పగానే చన్నీళ్ళలో సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. ఎండకీ, కొబ్బరినూనెకీ రబ్బరు చిట్లిపోతుంది. పెళ్ళికో ఫంక్షన్‌కో చీర కిందో షేర్వానీ కిందో రెండు గంటలు కట్టుకోవడానికైతే నిక్షేపంలా పనికొస్తుంది. పంక్తిలో కూర్చునే ముందు విప్పేయండి.